గోడ అవతలి లైటు

ఆ ఏడు ఎండాకాలంలో రెండు విషయాలు మా వంటింట్లో ఒకే మేకుకి వేలాడాయి. ఒకటి నా పరువు, రెండోది మా అత్తగారి చూపు. మేకుకి తగిలించి ఉన్నది మాత్రం విత్తనాల కొట్టాయన ఊరికే ఇచ్చిన క్యాలెండరు.

ముందు నా పరువు సంగతి చెప్పేస్తాను. అప్పట్లో నాకు అదే పెద్ద విషయంగా కనిపించింది మరి.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇరవై రెండేళ్ళలో నా ఎర్ర పెన్ను దాటి ఒక్క తప్పు కూడా అచ్చులోకి పోలేదని మా ఓనరు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆయన చెప్పకపోతే నేనే చెప్పుకునేవాణ్ణి. ఈ జబ్బు ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ సామాన్ల చీటీ రాస్తే అందులో దీర్ఘాలు సరిచేసి గానీ కొట్టుకు బయల్దేరేవాణ్ణి కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పుట్టింటినుంచి ప్రేమగా రాసిన ఉత్తరాన్ని దిద్ది, కింద సంతకం పెట్టి, తిరుగు టపాలో పంపించానట. అట ఏమిటిలెండి, పంపించాను. ఆ తర్వాత ఆవిడ నాకు ఉత్తరం రాస్తే ఒట్టు. ఇప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలన్నిటికీ ముద్రలు కొడుతుంది, నాకు మాత్రం కార్డు ముక్క రాయదు.

ఇక మా అత్తగారు. నలభై ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపిన మనిషి. ఇంక చాలనుకుని షాపు మూసేసి, కుట్టు మిషనూ, కత్తెరా, మెడలో టేపూ తీసుకుని జనవరిలో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన మర్నాడే కళ్ళజోడు తీసి అలమారలో పడేసింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో దగ్గరి చూపు దానంతటదే వెనక్కి వచ్చేసిందని చెప్పింది. చెప్పి ఊరుకునే రకం కాదు. గడపలోకి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ సూది తీసి, ముక్కుదాకా తెచ్చుకుని, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించి చూపించేది. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. సాయంత్రానికి తలనొప్పితో కళ్ళు నులుముకుంటూ ఇంటికొచ్చే నేను కుళ్ళుకునేవాణ్ణి.

ఆవిడ దగ్గర చిన్న చిన్న విడ్డూరాలు లేకపోలేదు. పక్కింటి డ్రాయింగు మాస్టారు రోజూ పొద్దున్నే పిట్టగోడ మీంచి చెయ్యెత్తి పలకరిస్తే ఈవిడ తిరిగి చూసేది కాదు. మీ అత్తగారికి కాస్త గీరనుకుంటానండీ అని ఆయన నా దగ్గర నొచ్చుకున్నాడు. పైగా ఒకరోజు వాళ్ళ తీగ మీద ఆరేసిన దుప్పటిని చూసి, మేం పనిచేసుకుంటుంటే అలా నిలబడి చూడ్డానికి సిగ్గు లేదా అని పావుగంట దులిపేసింది. దుప్పటి కిక్కురుమనలేదు. లోపల కూర్చున్న మాస్టారు మాత్రం ఆ తిట్లన్నీ తనకే అనుకుని వారం రోజులు పెరట్లోకి రాలేదు. మేం ఇదంతా ఆవిడ తత్వం అనుకున్నాం.

పని లేకపోతే ఆవిడకి పిచ్చెక్కుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంట్లో చిరిగినవీ చిరగనివీ అన్నీ కుట్టేసి, మా పెరటి మీద పడింది. విరిగిన మంచం, పగిలిన పెంకులు, పదేళ్ళుగా ఎందుకు దాచామో తెలియని సైకిలు చక్రం, అన్నీ నా చేత మోయించి నేల ఖాళీ చేయించింది. అంతకుముందు ఆవిడ గుడ్డ తప్ప మన్ను ముట్టుకున్న మనిషి కాదు. అందుకని మన్నుని కూడా గుడ్డలాగే చూసింది. టేపు పెట్టి కొలిచింది. దర్జీ సుద్దతో గీతలు గీసింది. బొమ్మలా నిలబడ్డ నా చేతికి టేపు ఒక కొస ఇచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, మడులకి అంచులు సరిచూసింది. కూరగాయల తోటకి అంత ఇస్త్రీ చేసిన నేల ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఎప్పుడు ఏది వెయ్యాలో మాత్రం క్యాలెండరు చెప్పాలి. క్యాలెండరు అడుగున విత్తనాల కొట్టాయన రెండు వరసలు అచ్చు వేయించాడు. చెట్టుకి కాసేవి అమావాస్య దాటాక, చంద్రుడు పెరిగే రోజుల్లో వెయ్యండి. నేలలో ఊరేవి పౌర్ణమి దాటాక, తరిగే రోజుల్లో వెయ్యండి. ఆ రెండు వరసలూ అత్తగారికి శిలాశాసనాలు. నేను కాస్త నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"కొలతల పుస్తకంలో రాసిందే కొలత అల్లుడుగారూ," అంది. "మనిషిని చూసి అంచనాగా గుడ్డ కత్తిరించేవాడు దర్జీ కాదు."

నేనూ అచ్చులో ఉన్నదాన్ని నమ్మేవాణ్ణే కదా. అందులోనూ ఆ క్యాలెండరు మా ప్రెస్సులోనే అచ్చయింది. దాన్ని దిద్దింది సాక్షాత్తూ నేను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సైకిలు మీద ఇంటికొస్తున్నాను. మా వీధి మలుపు తిరగ్గానే ఎదురుగా, ఇళ్ళ కప్పుల మీంచి చంద్రుడు పైకొస్తూ కనిపించాడు. బండి చక్రమంత, అంచు ఎక్కడా చెక్కుచెదరకుండా. ఎన్నేళ్ళకి చూశాను అనుకుంటూ హుషారుగా ఇంట్లోకి అడుగు పెట్టాను. అత్తగారు వంటింట్లో క్యాలెండరుకి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"ఇవాళ అమావాస్య," అంది. "రేపటినుంచి టమాటా, వంగ, గుమ్మడి."

నాకు ముందు అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి చూశాను. ఆ తేదీ మీద ఖాళీ సున్నా ఉంది. ఎడమ మూల చిన్న గడిలో ఆ గుర్తులకి అర్థాలు రాసి ఉన్నాయి: నల్ల సున్నా పౌర్ణమి, ఖాళీ సున్నా అమావాస్య. ఆ గడి చూడగానే నాకు నా ఎర్ర పెన్ను గుర్తొచ్చింది.

డిసెంబరులో ప్రూఫు నా బల్ల మీదికి వచ్చినప్పుడు అది తిరగేసి ఉంది. ఖాళీ సున్నా పౌర్ణమి, నల్ల సున్నా అమావాస్య. అదేమిటి, ఏమీ లేని సున్నా నిండు చంద్రుడు ఎలా అవుతాడు, ఈ కుర్రకారుకి బుర్ర లేదు అని విసుక్కుంటూ ఎర్ర పెన్నుతో రెండు బాణాలు గీసి, రెండు మాటల్నీ అటుదిటు చేశాను. నలుపంటే చీకటి అనీ, తెలుపంటే వెన్నెల అనీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు తట్టలేదు. తేదీల మీద సున్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అర్థాలు తారుమారయ్యాయి. రెండు బాణాలతో ఏడాది పొడుగునా చంద్రుణ్ణి తలకిందులు చేసి, మూడు వేల కాపీలు ఊరి మీదికి వదిలాను.

చెప్పెయ్యాల్సింది. ఆ క్షణంలోనే చెప్పెయ్యాల్సింది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "టమాటాకి నీళ్ళు ఎక్కువ పడతాయేమో అత్తయ్యా." ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క గడిలో పోతుందంటే ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది.

రాత్రి పక్క మీద దొర్లుతుంటే ఇంకో అనుమానం వచ్చింది. ఈవిడ సాయంత్రమంతా పెరట్లోనే ఉంది కదా. నెత్తిమీద అంత చంద్రుణ్ణి పెట్టుకుని అమావాస్య అని ఎలా అంది? ఆవిడ పట్టింపు తెలుసు కాబట్టి, క్యాలెండరు ఒకటి చెబితే ఆకాశం మాట ఈవిడ వినదులే అని సరిపెట్టుకున్నాను. పిరికివాడికి ఎంత సన్నటి సమాధానమైనా చాలు.

రెండు వారాలకి అసలు అమావాస్య వచ్చింది. క్యాలెండరు ప్రకారం అది పౌర్ణమి. సాయంత్రం చీకటి పడుతుండగా అత్తగారు పెరటి మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచింది. ఆకాశంలో నక్షత్రాలు తప్ప ఏమీ లేదు. మాస్టారి వరండాలో బల్బు ఒక్కటి వెలుగుతోంది.

"వెన్నెల చూశారా, ఎంత చల్లగా ఉందో," అంది ఆవిడ, ఆ బల్బుకేసి మొహం తిప్పి.

తెలిసిపోయింది అనుకున్నాను. అంతా తెలిసి నన్ను ఆడిస్తోంది, నా అంతట నేనే ఒప్పుకునేదాకా ఇలాగే చంపుతుంది అనుకున్నాను. "అవునండి, చాలా చల్లగా ఉంది," అన్నాను. ఇద్దరం కాసేపు ఆ చీకట్లో వెన్నెలని మెచ్చుకున్నాం. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, ఇద్దరూ చీకట్లో ఏం చేస్తున్నారు అని లైటు వేసింది. మర్నాడు పొద్దున్నే అత్తగారు ముల్లంగీ క్యారెట్టూ వేసింది.

మార్చిలో అర్జీ గొడవ మొదలైంది. వెనక గోడ అవతల ఎవరో కొత్తగా దీపస్తంభం వేశారని అత్తగారు అప్పటికే రెండుసార్లు విసుక్కుంది. పోయిన నెల నాలుగు రోజులు కళ్ళలో పొడిచినట్టు వెలిగి ఆరిపోయిందట. ఇప్పుడు మళ్ళీ వెలుగుతోందట. ఆ వెలుగుకి మొక్కలకి నిద్ర ఉండదు, ఊరి ఆఫీసుకి ఫిర్యాదు రాయండి అని కాగితమూ కలమూ తెచ్చి నా ముందు పెట్టింది. రాతపని అంటే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆవిడ చెబుతూ పోయింది, నేను మాటలు సరిచేస్తూ రాసుకుంటూ పోయాను. సదరు స్తంభానికి ఐదారు బల్బులు కలవు. అవి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నవి. దీపం కొన్నాళ్ళు వెలుగును, కొన్నాళ్ళు వెలగదు. వెలిగిన రోజున కూడా ఒకచోట నిలకడగా ఉండక మెల్లగా పక్కకు జరుగును.

చివరి వాక్యం దగ్గర కలం ఆగింది. స్తంభం జరగడమేమిటి? పెద్దావిడ మాట, పోనీలే అనుకున్నాను. అర్జీకి స్తంభం నంబరు కావాలి కదా, చూసొస్తానని సందు చుట్టూ తిరిగి మా వెనక గోడ అవతలికి వెళ్ళాను.

అక్కడ ఖాళీ స్థలం ఉంది. ఇటుకల కుప్ప ఒకటి, దాని మీద ఒక పిల్లి. స్తంభం లేదు. తీగ లేదు. ఇటుకల వెనకనుంచి పున్నమి చంద్రుడు ఒక్కడే, ఎవరి అర్జీలూ పట్టనట్టు, నిదానంగా పైకి వస్తున్నాడు.

నేను ఇటుకల మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, తర్వాత ఆగిపోయింది. దుప్పటి గుర్తొచ్చింది, మాస్టారి బల్బు గుర్తొచ్చింది. సూదిలో దారం ఎక్కించే మనిషికి ముక్కు ముందున్న జానెడు తప్ప లోకమంతా అలుక్కుపోయింది. చంద్రుడు ఐదారు ముక్కలై కనిపిస్తున్నాడు. ఆవిడకి తెలుసు. తెలిసే ఆ సూది అందరికీ చూపిస్తోంది.

ఇంటికొచ్చి నంబరు చీకట్లో కనపడలేదని చెప్పి, అర్జీని కవరుతో సహా చొక్కా జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడకి చెబుదామా అంటే, అది చంద్రుడని మీకెలా తెలిసింది, క్యాలెండర్లో అమావాస్య అని ఉంది కదా అంటుంది. నా సంగతి బయటపెట్టకుండా అత్తగారి సంగతి చెప్పడానికి దారి లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో నెల రోజులు అలాగే కుక్కిన పేనులా పడున్నాను. రోజూ ప్రెస్సుకి వెళ్ళి ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దాను.

తోట మాత్రం నా పాపంతో సంబంధం లేనట్టు పెరిగింది. తప్పు పక్షంలో వేసిన టమాటా మొక్కలు కర్రలు విరిగేలా గుత్తులు పట్టాయి. గుమ్మడి తీగ నేను గోడకి ఆనించిన సైకిలు చక్రాన్ని కౌగలించుకుంది. కానీ ఏప్రిల్లో ఒక పొద్దున్న అత్తగారు ముల్లంగి పీకింది. పైన ఇంతెత్తు ఆకు, కింద దబ్బనమంత వేరు. ఇంకోటి పీకింది, అదీ అంతే. మడి మొత్తం పీకింది. ఆవిడ మొహం చూసి నేను టిఫిను మధ్యలో లేచాను.

"అక్షరం పొల్లుపోకుండా చేశాను," అంది. "నాకు పుచ్చు విత్తనాలు అంటగట్టాడు వాడు."

ముల్లంగి కట్ట చేతబట్టి విత్తనాల కొట్టుకి బయల్దేరింది. నేను చెప్పుల కోసం వెతుక్కునేసరికి ఆవిడ వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కేసింది. కోపంలో ఉన్న టైలరు నడక ఎంత వేగమో అప్పుడు తెలిసింది. నేను మలుపు తిరిగేసరికి ఆవిడ రోడ్డు మధ్యలో ఉంది. అటునుంచి పాల వ్యాను వస్తోంది. ఆవిడ దానికేసే చూస్తోంది. చూస్తూనే ముందుకు అడుగేసింది.

బ్రేకులు కీచుమన్నాయి. వ్యాను ఆవిడకి మూరెడు దూరంలో ఆగింది. ముల్లంగి ఆకులు వ్యాను అద్దానికి తగులుతున్నాయి. డ్రైవరు మొహంలో రక్తం లేదు. అత్తగారు మాత్రం హారన్ కొట్టుకుని రావాలని తెలీదా అని వాణ్ణి నాలుగు దులిపి, ఇంకో పక్కకి నడిచింది. కట్టలోంచి జారిన రెండు ముల్లంగులు ఆవిడకి కనపడలేదు. నేను ఏరుకుని వెనకాలే నడిచాను.

కొట్టు దగ్గర జరిగిన పోట్లాట నాకు సరిగ్గా గుర్తులేదు. ఆయన మా క్యాలెండరు ప్రకారమే వేశారా అమ్మా అన్నాడు. ఆవిడ అక్షరాలా అలాగే వేశాను అంది. ఇద్దరూ సాక్షికోసం నావైపు చూశారు. నేను నేల చూశాను. ఆవిడ ఆ రోడ్డు మీద పోయి ఉంటే చంపింది పాల వ్యాను కాదు. ఒక గడిలో రెండు బాణాలు, వాటి పక్కన నా సంతకం.

ఆ రోజు మళ్ళీ పౌర్ణమి. మా ఆవిడ ఇంకా పోస్టాఫీసునుంచి రాలేదు. ఎండ తగ్గింది, అత్తగారు ముల్లంగి పీకేసిన మడిని మళ్ళీ చదును చేస్తోంది. వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"అత్తయ్యా, క్యాలెండర్లో తప్పుంది," అన్నాను. "చేసింది నేనే."

చెప్పేశాను. ఖాళీ సున్నా, నల్ల సున్నా, బాణాలు, అన్నీ. ఆవిడ మట్టి సర్దుతూనే వింది. తర్వాత చెయ్యి ఆగింది.

"అంటే అమావాస్య అని రాసిన రోజు పౌర్ణమి అన్నమాట."

"అవునండి."

"ఇవాళ అమావాస్య అని ఉంది."

"ఇవాళ పౌర్ణమండి."

అత్తగారు నెమ్మదిగా తల తిప్పి వెనక గోడవైపు చూసింది. చంద్రుడు గోడమీదికి జానెడు ఎత్తు వచ్చాడు. ఆవిడ కళ్ళు చికిలించింది, మళ్ళీ విప్పింది.

"మరి అదీ?" అంది.

తోటకూర మడి మీద ఏదో పురుగు ఎగురుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆవిడే అడిగింది, "అర్జీ ఇచ్చేశారా?"

"లేదండి. జేబులోనే ఉంది."

"చింపెయ్యండి."

ఇద్దరిలో ముందు ఎవరు నవ్వామో చెప్పలేను. ఆవిడ నవ్వు మధ్యలోనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, అది నవ్వుకి వచ్చిన నీళ్ళు కాదు. వాళ్ళ అక్క సంగతి చెప్పింది. అక్కకి చూపు తగ్గిందని ఇంట్లో తెలిసిన రోజునుంచి ఆవిణ్ణి ఏ పనీ ముట్టుకోనివ్వలేదట. మంచి మనసుతోనే, పాపం అందరూ. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా చేతికే అందించారట. పదకొండేళ్ళు అలా కూర్చుంది.

"నాకున్నవి చేతులే కదండీ," అంది. "అవి కూడా ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటే నావల్ల కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

వ్యాను సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. శుక్లాలు అయితే తీసేస్తారట అత్తయ్యా, గంట పని అన్నాను. కంట్లో కత్తి పెట్టించుకోవడం మీకు గంట పనే అంది. కాసేపు ఆలోచించి బేరం పెట్టింది. తను ఆసుపత్రికి వస్తుంది. కానీ కూతురికి ఆ లైటు సంగతి చచ్చేదాకా తెలియకూడదు. తను బల్ల ఎక్కే రోజున నేను ఓనరు దగ్గరికెళ్ళి నా తప్పు ఒప్పుకోవాలి. ఒక్క తన సిగ్గే పోతే ఎలా, ఇద్దరిదీ సమానంగా పోవాలి అంది. టేపు పెట్టి కొలిచినట్టే ఉంది బేరం. సరేనన్నాను.

చింపుదామని లోపలికెళ్ళి చొక్కా జేబులన్నీ వెతికాను. అర్జీ లేదు. అంతలో మా ఆవిడ వచ్చింది. ఏం వెతుకుతున్నారంటే చెప్పాను. ఆ కవరా, ఉతకడానికి వేసిన చొక్కాలో మూడు వారాల కిందట దొరికింది, జేబులో పెట్టుకుని తిరిగితే ఊరు బాగుపడుతుందా, స్టాంపు అంటించి నేనే పోస్టు చేశాను అంది గర్వంగా. అత్తగారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కూతురితో కొత్త కథ అల్లింది. క్యాలెండర్లో ఇంత గుడ్డి తప్పు చేశాడంటే మీ ఆయనకి చూపు ఆనడం లేదే, సాయంత్రాలు ఆ తలనొప్పి కూడా అందుకే, రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నేను తోడు తీసుకెళ్తాను అంది. మా ఆవిడ నా పళ్ళెంలో ఇంకో రెండు క్యారెట్ ముక్కలు వేసింది. నేను వాటిని నమిలి మింగాను. బేరం బేరమే కదా.

డాక్టరమ్మ ముందు నన్ను చూసి, చదువుకోవడానికి కళ్ళజోడు రాసిచ్చింది. నిజంగానే అవసరమట, నాలుగేళ్ళ కిందటే పెట్టుకోవాల్సిందట. వచ్చారు కదా, మీరూ కూర్చోండమ్మా అని అత్తగారిని కూర్చోబెట్టింది. పరికరంలోంచి ఇలా చూసి అలా నావైపు తిరిగి, ఈవిడ రోడ్డు ఎలా దాటుతున్నారండీ అంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆ దగ్గరి చూపు తిరిగి రావడం కూడా దాని లక్షణమేనట. నా గొప్ప కూడా జబ్బేనన్నమాట అంది అత్తగారు, కాస్త చిన్నబుచ్చుకుని.

మే నెలలో ఒక కంటికి ఆపరేషను అయింది. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళగానే మా ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, నేను ప్రెస్సుకి వెళ్ళాను. గోడకున్న క్యాలెండరు తీసి ఓనరు బల్ల మీద పరిచి, గడి మీద వేలు పెట్టి చూపించాను. ఉద్యోగం ఊడుతుందనే వెళ్ళాను. ఆయన చూశాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న నన్ను చూశాడు. మళ్ళీ క్యాలెండరు చూశాడు.

"మూడు వేలు అచ్చేశాం," అన్నాడు చివరికి. "మే వచ్చింది. ఒక్కడు కూడా వచ్చి అడగలేదే."

ఆయన కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. మన క్యాలెండరు ఎవరూ చూడరన్నమాట అని దిగులుగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై రెండేళ్ళ నా పేరు గురించి ఆయనకి గుర్తే రాలేదు. దారి పొడుగునా తల కొట్టేసినట్టు ఉంది. ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి అదీ పోయింది, లోపల ఆవిడ ఎలా ఉందో అన్న ఒక్క ధ్యాసే మిగిలింది.

ఆవిడ బాగానే ఉంది. మర్నాడు కట్టు విప్పితే ముందు నన్నే చూసింది. "మీకు బట్టతల ఎప్పుడొచ్చిందండీ?" అంది. ఇంటికొచ్చాక మాస్టారు గోడ దగ్గర కనపడితే తనే చెయ్యెత్తి పలకరించింది. ఆయన కంగారుపడి కడుగుతున్న కుంచెల గ్లాసు ఒంపేసుకున్నాడు. సూది ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం బాగుచేసిన కంటికి రంధ్రం కనపడలేదు. సూదీ దారమూ నా చేతిలో పెట్టి, ఇకనుంచి ఇది మీ పని, కళ్ళజోడు మీకుందిగా అంది. టమాటాలు చూసి కొత్త సిద్ధాంతం కూడా కనిపెట్టింది. కాసేవి తరిగే చంద్రుడికే వెయ్యాలి, కొట్టాయన రాసిందే తప్పు, వచ్చే ఏడు ఆ రెండు వరసలూ మీ ఎర్ర పెన్నుతో దిద్దండి అంది. నేను ఆ పెన్ను ఓనరుకి ఇచ్చేశానని అబద్ధం చెప్పాను.

ఆపరేషనైన నాలుగో రోజు సాయంత్రం మా ఆవిడ పోస్టాఫీసునుంచి ఒక కవరు ఊపుకుంటూ వచ్చింది. నేను పోస్టు చెయ్యబట్టి జవాబొచ్చింది చూడండి అంది. ఊరి ఆఫీసునుంచి. అత్తగారికి కొత్త కంటితో దగ్గరివి ఆనవు కాబట్టి నేనే చదివాను.

"తమరి అర్జీ అందినది. సదరు దీపమును మా సిబ్బంది స్వయముగా పరిశీలించి, అందలి లోపమును సరిచేసినారు. ఇకమీదట సక్రమముగా వెలుగునని తెలియజేయడమైనది."

రెండుసార్లు చదివాను. అందులో ఒక్క అక్షరదోషం కూడా లేదు.

మా ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు మెల్లగా లేచి పెరట్లోకి నడిచింది, నేను వెనకాలే వెళ్ళాను. క్యాలెండర్లో ఆ రోజు అమావాస్య. గోడమీద చంద్రుడు అప్పుడే పైకొచ్చాడు. ఆవిడ రెండు కళ్ళతో చూసింది. తర్వాత ఆపరేషను కాని కంటిని అరచేత్తో మూసుకుని, రెండో కంటితో చూసింది. టమాటా గుత్తుల మధ్య కదలకుండా అలాగే నిలబడింది.

"ఒక్కటేనా?" అంది.

"ఒక్కటేనండి."

ఇంకాసేపు చూసి, చెయ్యి దించి, కొంగు దోపుకుని నీళ్ళ బకెట్టు అందుకుంది.

"పర్వాలేదు," అంది. "బాగానే బాగుచేశారు."